తొమ్మిదో తరగతి పిల్ల: బ్యాండ్ మానిపించి ర్యాంకు కాపాడుకోవాలా?

క్లారినెట్ నాన్న

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా పెద్దమ్మాయి పబ్లిక్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఆరో తరగతిలో క్లారినెట్ పట్టుకుంది, ఇప్పుడు మార్చింగ్ బ్యాండ్‌లో (గ్రౌండులో నడుస్తూ వాయించే జట్టు) ఉంది. వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే ఫారం శుక్రవారం లోపు ఇవ్వాలి. గొడవంతా అక్కడే మొదలైంది.

మా డిస్ట్రిక్టులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసుకి 6.0 స్కేలు, మామూలు క్లాసుకి 5.0. ఈ సగటు (జీపీఏ) మీదే క్లాసులో ర్యాంకు. బ్యాండ్ మామూలు క్లాసు కిందే లెక్క. ఎనిమిది క్లాసుల్లో ఏడు ఏపీలు పెట్టుకుని అన్నిట్లో నూటికి నూరు తెచ్చుకున్నా సరే, పక్కన బ్యాండ్ ఒక్కటి ఉంటే సగటు 5.875 దగ్గర ఆగిపోతుంది. మా పిల్ల ఏడు ఏపీలు తీసుకునే రకం కాదు, లెక్క తెలియడానికి చెప్తున్నానంతే. కానీ పై వరసలో పిల్లలు పాయింటులో నూరో వంతుకి కొట్టుకుంటున్నారు. యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆటోమేటిక్ అడ్మిషన్ మొన్నటిదాకా క్లాసులో పై 6 శాతానికి ఉండేది, 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి 5 శాతానికే.

మా ఆవిడ మానిపిద్దామంటోంది. పిల్ల రెండు రోజుల్నించి మా ఇద్దరితోనూ మాట్లాడట్లేదు. మీ అనుభవం చెప్పండి.

లెక్కల మాస్టారి అబ్బాయి

మానిపించండి. నేను మానిపించాను కాబట్టి చెప్తున్నా.

బ్యాండ్ అంటే ఒక క్లాసు అనుకుని చేర్పిస్తాం. జులై ఆఖర్న ఎండలో సమ్మర్ బ్యాండ్ మొదలైతే నవంబరు దాకా మన ఇల్లు వాళ్ల క్యాలెండర్ మీదే నడుస్తుంది. శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్, శనివారం కాంటెస్టు, ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్ర. స్కూలు టైము బయట వారానికి 8 గంటలకు మించి ప్రాక్టీసు పెట్టకూడదని యూఐఎల్ (టెక్సస్‌లో స్కూలు పోటీలు నడిపే సంస్థ) రూలు ఉంది, నిజమే. మ్యాచ్‌లూ పోటీలూ ఆ 8 గంటల్లోకి రావు కదండీ! అర్ధరాత్రి బస్సు దిగే పిల్లని ఎక్కించుకోవడానికి పార్కింగ్ లాట్‌లో కూర్చున్న గంటలు ఏ లెక్కలోకి రావాలి?

మా వాడిది ట్రంపెట్. నెలరోజులు మొహం మాడ్చుకున్నాడు. ఇప్పుడు నంబర్ సెన్స్‌కి (నోటిలెక్కల పోటీ) వెళ్తున్నాడు. అదీ యూఐఎల్ పోటీయే: 10 నిమిషాలు, 80 లెక్కలు, చిత్తు రాయడానికి లేదు, కొట్టివేతలు లేవు. ఎండదెబ్బ లేదు, బస్సు లేదు.

ఓరుగల్లు అమ్మ

అన్నా, ర్యాంకొస్తే సీటొస్తది గని ఏం సీటు? ఆటోమేటిక్ అడ్మిషన్ అంటే యూనివర్సిటీల అడుగు పెట్టనిస్తరు, అంతే. కంప్యూటర్ సైన్సు ఇస్తరని ఎవరన్నరు? మేజర్‌కు (చదివే సబ్జెక్టుకు) మళ్ల వేరే చూస్తరు. మనోళ్లు సగం మంది గీ ముచ్చట పన్నెండో తరగతిల తెలుసుకొని తల పట్టుకుంటున్నరు.

మా పిల్లగాడు డ్రమ్‌లైన్ల ఉన్నడు. మా ఆయన పొద్దంతా ఆఫీసుల పెద్ద సారు, శుక్రవారం రాత్రి మాత్రం పిట్ క్రూల మరింబా అనే పెద్ద చెక్క వాయిద్యం తోస్తడు. హాఫ్‌టైమ్ గంట కొట్టంగనే నలుగురైదుగురు నాన్నలు చక్రాల బండ్లు నెట్టుకుంట గ్రౌండులకు ఉరుకుతరు. ఒకసారి చక్రం గడ్డిల దిగవడ్డది, మా ఆయన భుజమేసి లేపిండు. ఇంటికొచ్చినంక నడుం నొప్పి అని ఒక్కమాట అనలేదు. తెల్లారి ఆ వీడియో మాత్రం ఊర్ల ఉన్న మా అత్తమ్మకు పంపిండు!

గుంటూరు డ్రిల్లు మాస్టారు

మా అబ్బాయి దగ్గరికొచ్చి రెండు నెలలైంది, కోడలు ఈ చర్చ చూపించింది. ముందు నా అజ్ఞానం చెప్పుకోవాలి. ఏపీ క్లాసులంటే మన ఆంధ్రా పిల్లలకి విడిగా ఏమైనా పెట్టారేమో అనుకున్నాను.

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేశాను. పదో తరగతి గేమ్స్ పీరియడ్ అంటే నేను లెక్కల మాస్టారికి ధారపోసిన పీరియడ్ అని అర్థం. సంక్రాంతి దాటాక ఖోఖో స్తంభాలకి తాడు కట్టి బట్టలారేసుకున్న ఊళ్లూ ఉన్నాయి. సంగీతం మాట ఎత్తొద్దు, ఆగస్టు పదిహేనుకి పాడే పిల్ల ఎవరో ఒకరు దొరికితే అదే మా సంగీత విభాగం. పై లెక్కల మాస్టారి అబ్బాయి గారికి కోపం రాకూడదు, వాళ్ల నాన్నగారు కూడా నా పీరియడ్ తీసుకునే ఉంటారు.

మనవడి ప్రాక్టీసుకి వెళ్లాను. కారు పార్కింగ్ నేల మీద గ్రౌండు కొలతలతో గీతలు గీశారు. ప్రతి పిల్లకీ ఓ చిన్న పుస్తకం, ఎన్నో లెక్కకి ఎక్కడ నిలబడాలో అందులో రాసుంది. స్పీకర్లోంచి తాళం కొట్టే మెట్రోనోమ్ టక్ టక్ టక్ అంటూనే ఉంది. పైన మంచె మీద నుంచి మాస్టారు ఒకే మాట: "రీసెట్." వందమందీ ఉన్నపళంగా వెనక్కి పరిగెత్తి మళ్లీ మొదటి చుక్క మీదే నిలబడ్డారు. ఒకడి అడుగు తప్పు, అందరూ మళ్లీ. పదకొండుసార్లు లెక్కపెట్టాను. ఎవడూ ఎవడినీ తిట్టలేదు. ఆ నడక పటాన్ని వాళ్లు ఏమంటారో తెలుసా? డ్రిల్లు! అంతకంటే నాకేం చెప్పాలో తెలీదు.

లెక్కల మాస్టారి అబ్బాయి

మాస్టారూ, మీరన్నది నిజమే, మా నాన్న తీసుకునేవారు. ఆ పీరియడ్ల పుణ్యమే నేనిక్కడ ఉన్నది అని కూడా అనుకోవచ్చు కదా.

ఇక్కడి ఆటల పిచ్చి గురించి కూడా ఒక మాట. డాలస్ దగ్గరి ఆలెన్‌లో ఒక్క హైస్కూలు ఫుట్‌బాల్ కోసం 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే స్టేడియం కట్టి 2012లో తెరిచారు. కాంక్రీటు పగుళ్లిచ్చిందని 2014లో మూశారు. రిపేరు చేసి 2015లో మళ్లీ తెరిచారు. ఆ డబ్బు టీచర్ల జీతాలకి పెట్టొచ్చుగా?

ఆలెన్ పాతకాపు

పెట్టకూడదండీ, చట్టం ఒప్పుకోదు. అది 2009లో ఊరి జనం ఓటేసి ఒప్పుకున్న బాండ్ (అప్పు) డబ్బు. టెక్సస్‌లో బాండ్ డబ్బు కట్టడాలకీ సామాగ్రికే, జీతాలకి వాడటానికి లేదు. అదే బాండ్‌లోంచి నాటకాలకీ సంగీతానికీ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్ కూడా కట్టారు, దాని ఊసు ఎవరూ ఎత్తరు. పగుళ్ల సంగతి మాత్రం సిగ్గుచేటే, కాదనను.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరు: మీ ఊళ్లో ఎన్ని హైస్కూళ్లు? ఆలెన్‌లో ఊరంతటికీ ఒకటే. బ్యాండ్‌లో 600 పైచిలుకు పిల్లలు నడిచిన ఏళ్లున్నాయి. ఫుట్‌బాల్ జట్టు కైలర్ ముర్రే (తర్వాత ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడు) ఉన్నప్పుడు 2012, 2013, 2014 మూడేళ్లూ స్టేట్ కప్పు కొట్టింది. గొప్పే. కానీ అంత స్కూలుకీ వార్సిటీ (స్కూలు ప్రధాన) టెన్నిస్ జట్టు ఒకటే, ఆర్కెస్ట్రాలో అందరికన్నా బాగా వాయించేవాళ్లకిచ్చే మొదటి కుర్చీ ఒకటే. పక్కనే ఫ్రిస్కో పన్నెండు హైస్కూళ్లు కట్టుకుంది, ఒక్కోటి రెండు వేల చిల్లర మందికి సరిపడా. ఎక్కువమంది పిల్లలకి చోటు దొరకాలన్నదే వాళ్ల ఉద్దేశం. అక్కడ కప్పులు తక్కువే కావచ్చు, కుర్చీలు పన్నెండు. రెండు ఊళ్లలోనూ పిల్లల్ని చదివించాను, నా ఓటు చిన్న స్కూలుకే. అయితే చిన్న స్కూల్లో ర్యాంకు గోల ఎక్కువ. క్లాసులో 500 మంది ఉంటే 5 శాతమంటే పాతిక మందేగా, అందరికీ అందరి జీపీఏలూ తెలుసు.

మాజీ సెక్షన్ లీడర్

అంకుల్, నేను మూడేళ్ల కిందటే ఆ లైన్లోంచి బయటపడ్డాను, ఇప్పుడు కాలేజీలో. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు, క్రెడిట్ల సంగతి.

గ్రాడ్యుయేట్ అవ్వడానికి ఫైన్ ఆర్ట్స్ ఒక క్రెడిట్, పీఈ (వ్యాయామం) ఒక క్రెడిట్ తప్పనిసరి. ఫాల్‌లో మార్చింగ్ బ్యాండ్ చేస్తే అది పీఈ కింద చెల్లుతుంది. మా డిస్ట్రిక్టులో ఒక్కో ఫాల్‌కి అర క్రెడిట్. మీ అమ్మాయి ఇప్పుడు ఆపేస్తే పీఈ సగంలో ఉంటుంది. మిగతా సగానికి మామూలు పీఈ క్లాసు తీసుకోవాలి, అదీ 5.0 స్కేలే! అంటే పదో తరగతిలో బ్యాండ్ మానేసి మీరు మిగుల్చుకునేది మీరనుకున్నంత ఉండదు. మీ డిస్ట్రిక్టులో ఎలా ఇస్తారో, బ్యాండ్‌ని ర్యాంకు లెక్కలోంచి తీసేస్తారో లేదో కౌన్సెలర్‌ని అడగండి. ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

ఇంకోటి. మామూలు క్లాసు ఏ ఒక్కదాన్లోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకి పంపరు. 1984లో వచ్చిన చట్టం ఇది. మొదట ఆరు వారాలుండేది, 1995లో మూడు చేశారు. మా సెక్షన్లో ఒకబ్బాయి కెమిస్ట్రీలో 66 దగ్గరుంటే ఐదుగురం బస్సులో కూర్చోబెట్టి మోల్స్ చెప్పాం. వాడి కోసం కాదు, వాడు లేకపోతే గ్రౌండులో మా వరసలో బొక్క పడుతుందని.

లెక్కల మాస్టారి అబ్బాయి

పీఈ ఎండాకాలంలో ఆన్‌లైన్లో చేసేయొచ్చు, చాలా డిస్ట్రిక్టుల్లో ఇస్తున్నారు. మా వాడు అలాగే చేశాడు. పాయింటు మంచిదే, అడ్డు మాత్రం కాదు.

ఓరుగల్లు అమ్మ

ఆన్‌లైన్ల పీఈ! పొరగాడు కుర్చీల కూసొని పరుగెత్తిండా అన్నా?

క్లారినెట్ నాన్న

అందరికీ ధన్యవాదాలు. నిన్న కౌన్సెలర్‌తో మాట్లాడాను. మా దగ్గర బ్యాండ్ ర్యాంకు లెక్కలో ఉంది. పీఈ మాత్రం మాజీ సెక్షన్ లీడర్ అమ్మాయి చెప్పినట్టే, రెండు ఫాల్స్ చేస్తే పూర్తి. కాబట్టి పదో తరగతికి బ్యాండ్ ఉంచాం. పదకొండుకి ఇప్పుడేమీ మాటివ్వలేదు. మా ఆవిడ షరతు: ఏ క్లాసులోనూ 90 తగ్గకూడదు. పిల్ల 88 దాకా బేరమాడింది, చివరికి ఒప్పుకుంది. అదే మూడురోజుల తర్వాత మాతో మాట్లాడిన మొదటి మాట.

నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. మా నాన్నగారు ఆదివారం వయొలిన్ క్లాసు కూడా ఆపొద్దంటున్నారు. కింద కూర్చుని కర్ణాటకం, నిలబడి క్లారినెట్, రెండూ లాగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లెక్కల మాస్టారి అబ్బాయి

పదకొండులో ఈ థ్రెడ్డే మళ్లీ పైకి లాగుతాను, చూడండి.

ఓరుగల్లు అమ్మ

మా చిన్నది లాగింది. అది వేరే కత, వేరే థ్రెడ్ పెట్టు. ముందుగాల సగం గ్యాలన్ నీళ్ల డబ్బా, నల్ల సాక్సులు డజను కొను, జులైల దొరకయి.