విషయం: యూకే టీవీ, రేడియోల్లో పని – హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన ఎడిటర్‌కి సలహా కావాలి

సాల్ఫర్డ్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈ సెప్టెంబర్‌లో ఇక్కడ మీడియా ఎం.ఏ.లో చేరాను. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ ఛానల్లో వీడియో ఎడిటర్‌ని. అవసరమైనప్పుడు స్టోరీలకు వాయిస్ ఓవర్ కూడా చెప్పేవాణ్ణి. ఏడాది కోర్సు, అప్పు చేసి వచ్చాను. క్యాంపస్ పక్కనే మీడియా సిటీలో బీబీసీ, ఐటీవీ ఆఫీసులు ఉన్నాయి. లోపలికి వెళ్లే దారే తెలియడం లేదు. బీబీసీ తెలుగుకి లండన్‌లో ఉద్యోగాలు ఉంటాయా? రన్నర్ పోస్టులకు (షూటింగ్‌లో చిన్నాచితకా పనులు చేసే మొదటి మెట్టు ఉద్యోగాలు) అప్లై చేస్తే ఒక్కరూ జవాబివ్వడం లేదు, సీవీలో ఏం మార్చాలి? మనవాళ్ల ఫంక్షన్లకు వీడియోలు తీస్తే ఇంటద్దె వెళ్లిపోతుందని ఒకాయన చెప్పారు. కెమెరా నా దగ్గరే ఉంది, తీయొచ్చా? రూమ్మేట్లు అందరూ వేర్‌హౌస్ షిఫ్టులకు వెళ్తున్నారు. చివరికి నేనూ అక్కడే తేలతానేమోనని టెన్షన్‌గా ఉంది.

హౌన్స్లో నుంచి:

తమ్ముడూ, స్వాగతం. నేను ఇక్కడ ప్రసార రంగంలోనే ఉన్నాను, ప్రస్తుతం కంప్లయన్స్‌లో. కార్యక్రమం ప్రసారం కాకముందే చూసి, నిబంధనలకు తేడాగా ఉన్నవాటిని సరిచేయించడం నా పని. నీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అక్కడ తేడా వస్తే మిగతా రెండింటితో పనే ఉండదు.

ఫంక్షన్లకు వీడియోలు తీయొద్దు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. సీమంతమైనా, ఓణీల ఫంక్షనైనా, డబ్బు తీసుకుని తీస్తే అది స్వయం ఉపాధే. ఉగాది ఈవెంట్‌కి యాంకరింగ్ చేసి కవరు తీసుకున్నా అంతే. యూట్యూబ్ ఛానల్‌కి ప్రకటనల డబ్బు వస్తున్నా యూనివర్సిటీలు అలాగే చూస్తాయి. నీకు ఛానల్ ఉంటే మానిటైజేషన్ ఇవాళే ఆపెయ్. "అందరూ చేస్తున్నారు, ఎవరు చూస్తారు" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వీసా పోతే వాళ్లెవరూ నీ అప్పు కట్టరు.

ఈ రంగంలోకి వచ్చే మన పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. బ్రిటిష్ టీవీ నిర్మాణం చాలావరకు ఫ్రీలాన్సర్ల మీద నడుస్తుంది. ఒక సిరీస్‌కి మూడు నెలలు, ఇంకోదానికి ఆరు వారాలు, మధ్యలో ఖాళీ. మన వీసా మాత్రం ఫ్రీలాన్స్ చేయొద్దంటుంది. కాబట్టి ఈ ఏడాది నువ్వు వెతకాల్సింది పీఏవైఈ జీతం, అంటే కంపెనీయే పన్ను కోసి పేస్లిప్ ఇచ్చే పని మాత్రమే. అదీ కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. వేసవిలో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చని డిగ్రీ చదివే పిల్లలు చెప్తారు, అది వాళ్లకు నిజమే. మాస్టర్స్ వాళ్లకు డిసర్టేషన్ రాసే వేసవి కూడా మామూలుగా టర్మ్ కిందికే వస్తుంది. మీ యూనివర్సిటీ తేదీలు రాతపూర్వకంగా తీసుకుని దాచుకో.

ఇక బీబీసీ తెలుగు. అది 2017 అక్టోబర్ 2న మొదలైంది, పని జరిగేది ఇండియాలోనే. 2024 నుంచి కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ కంపెనీ బీబీసీ కోసం దాన్ని నడుపుతోంది. తెలుగు డెస్క్‌లో చేరాలంటే అటువైపు నుంచే ప్రయత్నించాలి. లండన్‌లో దానికోసం ఎదురుచూస్తూ ఏడాది పోగొట్టుకోకు.

రన్నర్ పోస్టుల సంగతి. 2023 నుంచి ఇక్కడ టీవీ నిర్మాణం బాగా తగ్గింది. అనుభవం ఉన్నవాళ్లే ఖాళీగా కూర్చుంటున్నారు. జవాబు రాకపోవడం నీ ఒక్కడి సంగతి అనుకోకు. సీవీలో మాత్రం కొన్ని మార్చుకో. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసెయ్. ఒక్క పేజీ చాలు. "మీడియా పట్ల మక్కువ" లాంటి వాక్యాలు ఎవరూ చదవరు. ఏ ప్రోగ్రాంకి, ఏ సాఫ్ట్‌వేర్ మీద, రోజుకి ఎన్ని స్టోరీలు కట్ చేశావో రాయి. లైవ్ బులెటిన్ టైముకి ఎడిట్ అందించడం ఇక్కడా గొప్ప విషయమే. మీ ఛానల్ పేరు ఇక్కడివాళ్లకు తెలియదు కాబట్టి 24 గంటల న్యూస్ ఛానల్ అని పక్కనే రాయి.

ఇంకోటి, డ్రైవింగ్ లైసెన్స్. రన్నర్ ప్రకటనల్లో చాలావాటికి అది కావాలి. మన ఇండియా లైసెన్స్ ఇక్కడికి వచ్చిన 12 నెలల దాకానే చెల్లుతుంది, తర్వాత యూకే టెస్ట్ పాసవ్వాలి. టెస్ట్ తేదీలు దొరకడం కష్టం. ప్రొవిజనల్ లైసెన్స్‌కి ఇప్పుడే అప్లై చెయ్.

ఇప్పుడు నీకు నిజంగా పనికొచ్చే సంగతి. నువ్వు ఎడిటర్‌వి కదా, ఇక్కడి డెలివరీ నియమాలు, అంటే పూర్తయిన ప్రోగ్రాం ఛానల్‌కి అప్పగించేటప్పుడు పాటించాల్సినవి నేర్చుకో. మన న్యూస్ ఛానళ్లలో బ్రేకింగ్ అనగానే స్క్రీన్ నిండా ఎర్ర ప్లేట్లు టపటపా వెలుగుతుంటాయి, మెరుపులు, జూమ్‌లు. అదే గ్రాఫిక్ ఇక్కడ ప్రోగ్రాంలో పెడితే ఫ్లాష్ టెస్ట్‌లోనే ఆగిపోతుంది. వెలుగుల మెరుపులకు ఫిట్స్ వచ్చే జబ్బు పేరు మీద దాన్ని పీఎస్ఈ టెస్ట్ అంటారు. ఆస్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పేరు మీద హార్డింగ్ టెస్ట్ అనీ పిలుస్తారు. 1993లో ఇక్కడ ఒక నూడుల్స్ ప్రకటన చూసి కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత నిబంధనలు వచ్చాయి. సెకనుకు మూడు కంటే ఎక్కువ ఫ్లాష్‌లు, అందులోనూ ముదురు ఎరుపు, తెర మీద నాలుగో వంతు కంటే ఎక్కువ ఆక్రమిస్తే ఫెయిల్. సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాం వేస్తే కింద గ్రాఫ్ కదులుతుంటుంది. గీత హద్దు దాటిన చోట టైమ్‌కోడ్, అంటే అది ఏ నిమిషం, ఏ సెకను, ఏ ఫ్రేమో ఇస్తుంది. నువ్వు అక్కడికి వెళ్లి వెలుతురు తగ్గించాలి, లేదా కొన్ని ఫ్రేములు తీసేయాలి. ప్రెస్‌మీట్లలో కెమెరా ఫ్లాష్‌లు, పెళ్లి బరాత్ లైట్లు, సినిమా పాటల్లో స్ట్రోబ్ లైట్లు, ఇవన్నీ దొరికిపోతాయి. సౌండ్ కూడా అంతే. ఆర్128 అనే యూరప్ ప్రసార ప్రమాణం ప్రకారం మైనస్ 23 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉండాలి. అరుస్తూ చదివే వాయిస్ ఓవర్లకు అలవాటుపడ్డ చెవికి మొదట్లో ఇది చప్పగా అనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పని తెలిసినవాళ్లకు తెర వెనక నెల జీతం ఉద్యోగాలు ఉన్నాయి. ఎడిట్ అసిస్టెంట్, క్వాలిటీ కంట్రోల్, ప్లేఅవుట్ (కార్యక్రమాలను వరుసగా ప్రసారంలోకి వదలడం), ఎంసీఆర్ (మాస్టర్ కంట్రోల్ రూమ్) ఆపరేటర్, మీడియా మేనేజర్, సబ్‌టైట్లింగ్. రాత్రి షిఫ్టులు ఉంటాయి, పేరు తెర మీద పడదు. కానీ పేస్లిప్ ఉంటుంది, నేర్చుకోవడానికి మనుషులు ఉంటారు. న్యూస్ ఛానల్లో నైట్ డ్యూటీలు చేసినవాడివి, నీకు కొత్తేం కాదు. మీ యూనివర్సిటీలో ఆవిడ్ మీడియా కంపోజర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ప్రీమియర్ పక్కన పెట్టి దాని మీద కూర్చో. ఇక్కడి పెద్ద పోస్ట్ హౌస్‌లు (ఎడిటింగ్, సౌండ్ పనులు చేసే కంపెనీలు) చాలా దాని మీదే నడుస్తాయి. దక్షిణాసియా భాషల ఛానళ్లకు కూడా ఇక్కడ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ లైసెన్స్ కావాలి. ఆ కంటెంట్ ప్రసారానికి ముందు చూడటానికి భాష తెలిసిన మనిషి అవసరం పడుతుంది. ఒక్క తెలుగు సరిపోదు, హైదరాబాద్ హిందీ, ఉర్దూ చెవి ఉంటే అది సీవీలో తప్పకుండా రాయి.

చట్టం మాట కూడా. ఎవరినైనా అరెస్టు చేసిన క్షణం నుంచి 1981 కోర్టు ధిక్కార చట్టం వర్తిస్తుంది. వాడే చేశాడనే ధోరణిలో చూపిస్తే జడ్జి విచారణే ఆపేయొచ్చు, ఛానల్ మీద కేసు పడుతుంది. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు జీవితాంతం బయటపెట్టకూడదు. ముఖం బ్లర్ చేసి ఇంటి వీధి చూపిస్తే సరిపోదు. రాత్రి 9 గంటల ముందు పిల్లలు చూస్తారనే లెక్కతో నడవాలి. మీ కోర్సులో మీడియా లా మాడ్యూల్ ఆప్షనల్ అయినా తీసుకో. ఇంటర్వ్యూల్లో మన దగ్గర్నుంచి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. చూస్తుంటే నాకు బాధేస్తుంది. పని చేతకాక కాదు కదా, రూల్ ఎవరూ చెప్పక.

కోర్సు అయ్యాక గ్రాడ్యుయేట్ వీసా, అంటే చదువు ముగించినవాళ్లు ఇక్కడే ఉండి పని చేసుకోవడానికి ఇచ్చేది. 2026 డిసెంబర్ 31లోపు అప్లై చేసినవాళ్లకు రెండేళ్లు, ఆ తర్వాత 18 నెలలే. యూనివర్సిటీ నీ కోర్సు పూర్తయిందని హోమ్ ఆఫీస్‌కి తెలిపాకే అప్లై చేయాలి. కాబట్టి డిసర్టేషన్ గడువు పొడిగించుకునే ముందు రెండుసార్లు ఆలోచించు. ఆరోగ్య సర్‌చార్జీ ఏడాదికి 1,035 పౌండ్లు, ఇప్పట్నుంచే పక్కన పెట్టు. ఆ వీసా మీద ఫ్రీలాన్స్ చేయొచ్చు. ఫంక్షన్ వీడియోలు అప్పుడు తీసుకో. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీలో రిజిస్టర్ అయి, డ్రోన్ ఎగరేస్తే విమానయాన సంస్థ సీఏఏ ఇచ్చే ఐడీ తీసుకుని దర్జాగా చెయ్. తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా 41,700 పౌండ్ల జీతం కావాలి, కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు 33,400, లేదా ఆ ఉద్యోగానికి పెట్టిన రేటు, ఏది ఎక్కువైతే అది. పైగా అది డిగ్రీ స్థాయి ఉద్యోగం అయ్యుండాలి. రన్నర్ పని మీద స్పాన్సర్ దొరకడు. అందుకే మొదటి రోజు నుంచే టెక్నికల్ వైపు మొగ్గమంటున్నాను.

లెస్టర్ నుంచి:

అక్క చెప్పినదంతా నిజం, ఒక్క విషయంలో తప్ప. మైకు వదిలేయమన్నట్టు వినిపించింది, నాకది నచ్చలేదు. తమ్ముడికి గొంతు ఉంది, న్యూస్ స్టోరీలకు వాయిస్ ఓవర్ చెప్పాడు. ఇక్కడ దానికి హాస్పిటల్ రేడియో అనే చక్కటి చోటు ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో రోగుల కోసం స్వచ్ఛందంగా నడిచే స్టేషన్లు. బీబీసీ రేడియో 2లో దశాబ్దాల పాటు కార్యక్రమం చేసిన కెన్ బ్రూస్ కూడా గ్లాస్గోలో హాస్పిటల్ రేడియోలోనే మొదలుపెట్టాడు. మొదట నిన్ను మైకు ముందు కూర్చోబెట్టరు. చేతిలో కాగితం పెట్టి వార్డుల్లోకి పంపుతారు. ఒక్కో మంచం దగ్గర ఆగి, పేరు అడిగి, ఏ పాట కావాలో రాసుకుని రావాలి. ఎనభై ఏళ్ల పెద్దావిడ యార్క్‌షైర్ యాసలో 1960ల పాట అడిగితే మొదటిసారి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ అడిగాను, ఆవిడ పాడి వినిపించింది. ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత బ్యాండ్ వచ్చినా ఆ ఇంగ్లీష్ అక్కడే నేర్చుకోవాలి. వాలంటీర్‌గా చేరడానికి చాలాచోట్ల డీబీఎస్ చెక్ (నేర చరిత్ర ఉందా అనే తనిఖీ) అడుగుతారు, కాస్త టైమ్ పడుతుంది.

మీ యూనివర్సిటీ స్టూడెంట్ రేడియోలో ఈ వారమే పేరు ఇవ్వు. కమ్యూనిటీ రేడియో స్టేషన్లు కూడా ఆఫ్‌కామ్ లైసెన్స్‌తో దేశమంతా ఉన్నాయి. ఇక్కడ మిక్సింగ్ డెస్క్ నువ్వే నడపాలి. ఫేడర్ ఎత్తడం, పాట ముగియకముందే తర్వాతది సిద్ధం చేయడం, గంట కొట్టగానే వచ్చే టాప్ ఆఫ్ ది అవర్ న్యూస్‌కి సెకను తేడా లేకుండా చేరడం, అన్నీ ఒక్క మనిషే. మన రేడియోల్లో ఆర్జే పక్కన ప్రొడ్యూసర్ ఉంటాడు చూడు, ఆ అలవాటుతో వస్తే చేతులు వణుకుతాయి. గంట ప్రోగ్రాంలోంచి నీ మాటలు మాత్రమే కత్తిరించి మూడు నిమిషాల డెమో చేసుకో. తెలుగు గంట కార్యక్రమం పెడదామని అడిగితే సంతోషంగా ఒప్పుకునే స్టేషన్లూ ఉన్నాయి. పెట్టు, తప్పకుండా పెట్టు. దాంతోపాటు ఇంగ్లీష్ షో ఒకటి వదలకు.

సాల్ఫర్డ్ నుంచి, కొత్త సభ్యుడు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. మానిటైజేషన్ ఆఫ్ చేసేశాను. ఇంకొక్క సందేహం. మాంచెస్టర్‌లో ఒక చిన్న ఛానల్ వాళ్లు మూడు నెలలు జీతం లేకుండా ఎడిటింగ్ చేస్తే అనుభవ పత్రం ఇస్తామంటున్నారు, వారానికి నాలుగు రోజులు రావాలట. హాస్పిటల్ రేడియో కూడా జీతం లేని పనే కదా, రెండిటికీ తేడా ఏంటి?

హౌన్స్లో నుంచి:

చాలా తేడా ఉంది తమ్ముడూ. హాస్పిటల్ రేడియో చారిటీ. నీకు వీలైనప్పుడు వెళ్తావు, రాకపోతే కాంట్రాక్టు తప్పినట్టు కాదు. దాన్ని వాలంటీరింగ్ అంటారు, 20 గంటల్లోకి రాదు. వీళ్లు అడుగుతున్నది షిఫ్టు టైము ఉన్న ఉద్యోగం, జీతం ఒక్కటే లేదు. అలాంటి పనికి వీసా లెక్కలో ప్రతి గంటా 20లో పడుతుంది. నాలుగు రోజులంటే అప్పుడే హద్దు దాటేశావు. పైగా వ్యాపార సంస్థ ఇలా పని చేయించుకుంటే చట్టం ప్రకారం కనీస వేతనం ఇవ్వాలి. కోర్సులో భాగంగా యూనివర్సిటీ కుదిర్చిన ప్లేస్‌మెంట్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అందుకని ముందు మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కలిసి, ఇది కోర్సులో భాగంగా లెక్కలోకి తీసుకుంటారా అని అడుగు. కుదరదంటే ఆ ఛానల్ వాళ్లకు మర్యాదగా ఒక మెయిల్ పెట్టు: వారానికి రెండు రోజులు, కనీస వేతనం, పీఏవైఈ అయితే వస్తానని. ఒప్పుకుంటే వెళ్లు. ఒప్పుకోకపోతే ఈ ఏడాది వేర్‌హౌస్‌లో వారానికి రెండు షిఫ్టులు చేసినా పర్వాలేదు, ఆ డబ్బుతో అద్దె కట్టి మిగతా సాయంత్రాలు ఎడిట్ సూట్‌లో కూర్చో. మీడియా సిటీలో ఓపెన్ సెషన్లు, రాయల్ టెలివిజన్ సొసైటీ వాళ్ల కార్యక్రమాలు జరుగుతుంటాయి. విద్యార్థులకు వాళ్ల సభ్యత్వం ఉచితం, చేరు. సీవీ మార్చాక నాకు విడిగా పంపు, చూసి చెప్తాను.