బోర్డు మారిస్తే విండోస్ మళ్లీ ఎక్కించాల్సిందేనా?

కర్నూలు డీటీపీ:
కరెంటు ఎక్కువ తక్కువ వచ్చి షాపు సిస్టమ్‌లో మదర్‌బోర్డు కాలిపోయింది. పాతది ఇంటెల్ ఆరో జనరేషన్, ఇప్పుడు రైజెన్ ప్రాసెసర్, దానికి బోర్డు తెచ్చాను. బిగించే అతను ఫార్మాట్ కొట్టందే కుదరదంటున్నాడు. ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10, పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే ‘అను’ ఫాంట్లు, టాలీ అన్నీ ఉన్నాయి, అసలే పెళ్లిళ్ల సీజన్, శుభలేఖల పని నెత్తిమీదుంది. అదే ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే ఎక్కదా?

ఏడురోడ్ల మెకానిక్:
ఇంటెల్ నుంచి ఏఎమ్‌డీకి పోతున్నావు, ఫార్మాట్ కొట్టేయ్ అన్నా. పాత డ్రైవర్లు లోపలే ఉండిపోయి ఎప్పుడో బ్లూ స్క్రీన్ వస్తే తిట్లు పడేది మాకే.

సప్తగిరి సర్కిల్:
అది ఎక్స్‌పీ నాటి మాట. అప్పుడు కొత్త బోర్డు డిస్క్ కంట్రోలర్‌కు డ్రైవర్ దొరక్క, లోగో వచ్చీ రాగానే 7బీ ఎర్రర్‌తో ఆగిపోయేది. విండోస్ 10లో ఏహెచ్‌సీఐ, ఎన్‌వీఎంఈ (డిస్కుతో మాట్లాడే పద్ధతులు) డ్రైవర్లు ముందే ఉంటాయి. మొదటిసారి ఆన్ చేస్తే ‘గెటింగ్ డివైసెస్ రెడీ’ అంటూ కాసేపు నానుస్తుంది, తనే రీస్టార్ట్ అవుతుంది, ఆ టైంలో పవర్ పీకొద్దు. ఇంటెలా ఏఎమ్‌డీనా అన్నది అడ్డే కాదు. చిక్కంతా వేరేచోట: పాత బోర్డు బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) డిస్కుకు రెయిడ్ మోడ్ ఉండి కొత్తదాంట్లో ఏహెచ్‌సీఐ ఉంటే మళ్లీ ఆ 7బీయే, సేఫ్ మోడ్‌లో ఒకసారి ఎక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. డిస్కు ఎంబీఆర్ (పాత తరహా విభజన) అయితే బయోస్‌లో సీఎస్ఎమ్ (పాత తరహా బూటింగ్‌కు వీలిచ్చే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేదంటే జీపీటీకి (కొత్త తరహా విభజనకు) మార్చాలి. అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉందేమో చూడు, టీపీఎమ్ (ఆ తాళం చెవి దాచే భాగం) మారింది కాబట్టి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండొచ్చు.

ఏడురోడ్ల మెకానిక్:
ఎక్కుతుందిలే, మరి లైసెన్సో? ఓఈఎమ్ (సిస్టమ్‌తో పాటే వచ్చినది) అయితే బోర్డుతోనే పోయినట్టు.

సప్తగిరి సర్కిల్:
పోతుంది, కాదనను. కానీ ఫార్మాట్ కొడితే తిరిగొస్తుందా ఏంటి? రిటైల్ (విడిగా కొన్నది) అయి, బోర్డు కాలకముందే అకౌంట్‌కు లింక్ చేసుంటే యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పుకోవచ్చు, 2016 నుంచి ఆ సౌకర్యం ఉంది. టాలీ కూడా లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేయమనొచ్చు, అదీ రెండు దారుల్లోనూ తప్పదు. ఫార్మాట్‌తో అదనంగా పోయేది అతని ప్రోగ్రాములు, ఫాంట్లే.

ఏడురోడ్ల మెకానిక్:
సరే, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది కదా. ఎలాగూ 11 వేయాల్సిందే, ఆ పని ఇప్పుడే కానిస్తే పోలా?

సప్తగిరి సర్కిల్:
ప్రోగ్రాములు అలాగే ఉంచి 11కి అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. సీజన్ మధ్యలో ఎందుకు? డీటీపీ అన్నా, కొత్త బోర్డు ల్యాన్ (నెట్ కేబుల్) డ్రైవర్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. నెట్ రాకపోతే మిగతా డ్రైవర్లు దించుకోవడానికి దారుండదు.

కర్నూలు డీటీపీ:
ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో పెట్టి తమ్ముడి ల్యాప్‌టాప్‌కు తగిలించాను. డ్రైవ్ మీద తాళం గుర్తు లేదు, ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఆర్ అని ఉంది. ముందు ఇంకో డిస్కులోకి క్లోన్ (మొత్తం నకలు) చేయించి, సీఎస్ఎమ్ ఆన్ చేసి చూస్తా. ఎక్కకపోతే అప్పుడు ఫార్మాట్ సంగతి.

ఏడురోడ్ల మెకానిక్:
క్లోన్ తీస్తున్నావు కాబట్టి సరే. అది లేకుండా చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.