మునీర్‌కు దొరికిన దారి మా మేనల్లుడికి దొరుకుతుందా?

2014 సెప్టెంబరులో ఫుట్‌బాల్ ఆటగాడు మునీర్ ఎల్ హద్దాది స్పెయిన్ తరఫున మాసిడోనియా మీద ఆడింది పట్టుమని పావుగంట కూడా లేదు. అయినా అది స్నేహపూర్వక మ్యాచ్ కాదు, యూరో (యూరప్ దేశాల కప్) అర్హత కోసం ఆడే పోటీ మ్యాచ్ కావడంతో, తండ్రి దేశం మొరాకోకు ఆడే వీల్లేకుండా పోయింది. 2018 ప్రపంచ కప్ ముందు క్రీడల కోర్టుకెళ్లి ఓడిపోయాడు. ఎంత బాధపడి ఉంటాడో! 2020లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధన సడలించాక, 2021 మార్చిలో మొరాకోకు ఆడగలిగాడు.

నాకు తెలిసినంతలో కొత్త నిబంధన ఇది: మొదటి దేశానికి చివరి పోటీ మ్యాచ్ 21 ఏళ్లు నిండకముందే ఆడి ఉండాలి, దాని సీనియర్ జట్టుకు స్నేహపూర్వక మ్యాచ్‌లతో కలిపి మూడు మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు, చివరిది ఆడి మూడేళ్లు గడవాలి. ప్రపంచ కప్, యూరో లాంటి ప్రధాన టోర్నీల్లో ఆడి ఉండకూడదు. పైగా మొదటి పోటీ మ్యాచ్ నాటికే రెండో దేశం పౌరసత్వం ఉండాలి.

నా టెన్షన్ అంతా ఈ చివరి మాటతోనే. మా అక్క కొడుక్కి 16 ఏళ్లు, జర్మనీలో క్లబ్‌కి ఆడుతున్నాడు. పొట్టైపోయిన ఇండియా జెర్సీ ఇప్పటికీ వాడి గది తలుపుకే వేలాడుతుంటుంది. ఇప్పుడు ఇంట్లో జర్మన్ పౌరసత్వం మాట నడుస్తోంది. అది తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకు ఇచ్చేది) ఇండియాకు ఆడనివ్వరు. రేపు అక్కడి జూనియర్ జట్టుకు ఒక్క పోటీ మ్యాచ్ ఆడినా, తర్వాత మళ్లీ భారత పౌరసత్వం తీసుకుని ఇటు రావచ్చా? ఈ రూల్స్ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, సంతకాలు పెట్టేలోపే వాళ్లకు చెప్పాలి.