ప్రోటాన్ కోసం పొలం అమ్మాలా?

తెనాలి_మేనమామ: మా అక్క కూతురికి ఏడేళ్ళు. చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ. గడ్డ మొత్తం తీసేశారు, వెన్నునీటిలో క్యాన్సర్ కణాలు లేవన్నారు. ఆపరేషన్ అయి నెల కావస్తోంది. రేడియేషన్ ఇక్కడైతే ఆరోగ్యశ్రీలో అయిపోతుంది. ప్రోటాన్ అనే ఇంకో రకం రేడియేషన్ అయితే పాతిక లక్షల దాకా అవుతుందంటున్నారు. అక్క ఎకరం అమ్మేస్తానంటోంది. అమ్మనివ్వాలా?

శైలజ: అడగాలా? ఈ జబ్బుకి మెదడుతో పాటు వెన్ను మొత్తానికీ రేడియేషన్ ఇస్తారు. మామూలు కిరణం వెన్నులోంచి దూరి గుండె, పేగులు, థైరాయిడ్ దాటుకుంటూ బయటికి పోతుంది. ప్రోటాన్ వెన్ను దగ్గరే ఆగుతుంది. ఆ గుండెతో పిల్ల ఇంకా ఎన్నేళ్ళు బతకాలి!

రైతుబిడ్డ: గడ్డ తిరగబెట్టకుండా ఆపడంలో రెండూ ఒకటే. ఏ మిషన్ అయినా మెదడు మొత్తానికి 23.4 గ్రే (రేడియేషన్ కొలత) ఇవ్వాల్సిందే. చదువు మందగించేది దానివల్లే.

శైలజ: నేను గుండె అంటే మీరు మెదడు అంటారేంటి? పోనీ మెదడే చూద్దాం. తర్వాత 54 దాకా పెంచే బూస్ట్ గడ్డ ఉన్నచోటికే. అక్కడ లోపలి చెవికి తగిలే డోసు ప్రోటాన్‌తో తగ్గుతుంది.

రైతుబిడ్డ: చెవి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మా వాడి వైద్యానికి రెండెకరాలు పోయాయి. వినికిడి తగ్గింది కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ మందు వల్ల. ప్రోటాన్ దాన్ని ఆపుతుందా? పెద్దమ్మాయి ఇంజనీరింగ్ మధ్యలో మానేసింది. అదెవరూ లెక్కలో వెయ్యరు.

చందు: ప్రోటాన్ చెన్నై అపోలోలో 2019 నుంచి ఉంది. నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా వాళ్ళ క్యాన్సర్ సెంటర్‌లో కూడా వచ్చింది, కనుక్కోండి.

శైలజ: కొడుక్కి రెండెకరాలు అమ్మి, ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఎకరం బరువైందా?

రైతుబిడ్డ: నోరు అదుపులో పెట్టుకోండి మేడమ్. మా పెద్దమ్మాయి ఆడపిల్ల కాదా? దాని గురించే కదా మొత్తుకుంటున్నా!

సుజాత_నెల్లూరు: పాపని దేవుడు చల్లగా చూడాలి 🙏

తెనాలి_మేనమామ: కొట్టుకోకండి. ఆ ఎకరం మా నాన్న అక్కకి పసుపు కుంకుమల కింద ఇచ్చింది. వాళ్ళ అత్తగారేమో, "తలకి కరెంటు పెట్టిన పిల్లకి పెళ్ళెలా అవుతుంది, ఉన్నది తమ్ముడికైనా మిగల్చండి" అంటోంది. బావ నోరు మెదపడు.

శైలజ: ఇది ముందే చెప్పొచ్చుగా! పొలం అక్కది, పెత్తనం అత్తదా?

రైతుబిడ్డ: ఆ మాటన్నందుకు ఆవిణ్ణి నేనూ సమర్థించను. కానీ రిజిస్ట్రేషన్ అయ్యేదాకా పిల్లని కూర్చోబెట్టకండి. ఆపరేషన్ అయిన ఆరేడు వారాల్లో రేడియేషన్ మొదలు కావాలి. ప్రోటాన్‌కి డేట్ దొరక్కపోతే ఇక్కడే కానివ్వండి.

శైలజ: దొరికితే?

రైతుబిడ్డ: దొరికితే వెళ్ళనివ్వండి, నాకేం? కీమోకి ముందు వినికిడి పరీక్ష మాత్రం చేయించండి.