పోచంపల్లికి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాస్త సలహా కావాలి

నమస్తే అండీ. హైదరాబాద్‌లో ఏడో తరగతికి సోషల్ చెప్తాను. ఈసారి ఫీల్డ్ ట్రిప్‌కి మళ్లీ గోల్కొండ, సాలార్‌జంగ్ అంటే పిల్లలే మొహం మాడ్చేస్తున్నారు, అందుకని భూదాన్ పోచంపల్లి అనుకున్నాను. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానన్న ఊరు కాబట్టి ఆ పాఠం కూడా అక్కడే చెప్పేయొచ్చు.

కానీ నాకు అసలు కావాల్సింది షోరూమ్ కాదు, మగ్గం ఉన్న ఇల్లు. నూలుకి రబ్బరు ముక్కలతో ముడులు కట్టి రంగులో ముంచడం, ముడి విప్పితే అక్కడ మాత్రం తెల్లగా మిగలడం, నేయకముందే డిజైన్ దారంలోకి వచ్చేయడం, ఇదంతా పిల్లలు దగ్గర్నుంచి చూడాలి. ఆసు కూడా, అంటే ముడులు కట్టే ముందు నూలుని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పోసే పని. ఒకప్పుడు ఆడవాళ్లు చీర చీరకీ వేలసార్లు చెయ్యి తిప్పి పోసేవాళ్లు, చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక ఆ పని ఎలా మారిందో చేసినవాళ్ల నోటే వినిపించాలని ఉంది. చేత్తో ఆసు పోసి చూపించేవాళ్లు ఇంకా దొరుకుతారా?

రెండు సెక్షన్లు ఒకేసారి వెళ్తే ఇరుకింట్లో వాళ్ల పని పాడవుతుందేమోనని టెన్షన్. విడతలుగా పంపాలా? వాళ్ల టైముకి డబ్బులిస్తే ఏమైనా అనుకుంటారా, ఎంతిస్తే బాగుంటుంది? (ఊరికే చూసొచ్చేయడం నాకైతే నచ్చదు.) భోజనం డబ్బాల్లో తీసుకెళ్లడమే మేలా?