ఫోరే పాట క్లారినెట్‌కి: రెండో చరణం ఎలా మార్చాలి?

ఫ్రెంచి స్వరకర్త గాబ్రియేల్ ఫోరే పాట 'ఆప్రె అన్ రెవ్' (ఓపస్ 7, నం. 1) ను బి ఫ్లాట్ క్లారినెట్ (రాసినదానికంటే ఒక పూర్తి స్వరం కింద మోగేది), పియానోలకు మార్చి రాస్తున్నాను. పియానో సి మైనర్‌లోనే ఉంచితే క్లారినెట్‌కి డి మైనర్, ఒక్క ఫ్లాటే. ఎ క్లారినెట్ మాత్రం వద్దు, ఆరు ఫ్లాట్లు వస్తాయి.

చిక్కు రెండు చోట్ల.

మొదటి రెండు చరణాలకు బాణీ ఒకటే, మారేది మాటలే. మాటలు తీసేస్తే ఉత్త పునరావృతం. అందుకని మొదటి చరణాన్ని ఒక ఆక్టేవ్ దించి చూశాను. చాలూమో (క్లారినెట్ అడుగు స్థాయి) నాదం బాగుంది గానీ, పియానో కుడిచేతి ఎయిత్ నోట్ కార్డులు మిడిల్ సి చుట్టూనే మోగుతుంటాయి కాబట్టి రాగం వాటి కింద మునిగిపోతోంది. కార్డుల్లో పై స్వరం తీసేయాలా, పియానోని పియానిసిమోకి (చాలా మెల్లగా) దించితే సరిపోతుందా? ఆక్టేవ్ దించకపోతేనేమో స్వరపత్రంలో రెండో గీత జి నుంచి మూడో గీత బి ఫ్లాట్ దాకా ఉన్న పేలవమైన స్వరాలు పదేపదే తగులుతాయి. కుడిచేతి వేళ్లు మూసి ఉంచినా కొంతే మేలు.

రెండోది, ఒకే స్వరంపై వరసగా వచ్చే అక్షరాలు. అన్నిటికీ నాలుక తగిలిస్తే టకటకమంటోంది, టై వేస్తే (రెండు స్వరాలను ఒకటిగా కలిపితే) లయ పోతోంది. ఫ్రెంచి పదాల చివరి తేలిక 'అ' దగ్గర టెనూటో గీతతో (స్వరాన్ని నిండుగా నిలిపే గుర్తు) మెత్తగా పలికించినవారెవరైనా ఉంటే, స్లర్ (స్వరాలను కలిపి వాయించమనే గీత) ఎక్కడ తెంచారో చెప్పండి.