మాట చెబితే ఖాతా రాసే యాప్: ఉంచాలా, తీసేయాలా?

అందరికీ నమస్తే. వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. నాన్నగారికి చూపు తగ్గి ఖాతా పుస్తకం రాయడం కష్టమవుతోందని, ఎవరో కొత్త స్టార్టప్ వాళ్లది, నోటితో చెబితే తెలుగులో లెక్క రాసుకునే యాప్ ఒకటి పోయిన వారం ఆయన ఫోన్‌లో ఎక్కించాను. మొదట నిజంగా ముచ్చటేసింది, పొద్దున్నే కొట్లో ఎవరూ లేనప్పుడు చెప్పినవన్నీ ఠక్కున రాసేసింది. సాయంత్రం ఆటోల హారన్ల మధ్య మొదలైంది అసలు కథ. "అప్పన్న బాబాయ్ నూటపాతిక" అంటే "అప్పు అన్న బాబాయ్ 100" అని పడింది! మన దగ్గర వీధికో అప్పన్న ఉంటాడు, ఆ పేరే రాకపోతే ఎలా? నూట ఇరవై ఐదు అని విడగొట్టి చెబితే సరిగ్గానే రాస్తోంది, కానీ అరవై దాటిన మనిషికి పాతిక అనే అలవాటు పోతుందా. ఆయన పాత పుస్తకం ఇంకా గల్లాపెట్టె కిందే దాచుకున్నారు.

నెట్ ఆపితే అస్సలు పనిచేయట్లేదు, అంటే మాటలన్నీ వాళ్ల సర్వర్‌కే వెళ్తున్నట్టున్నాయి. కాంటాక్ట్స్ కూడా అడిగింది, ఇవ్వలేదు. ట్రయల్ కోసం యూపీఐ ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టించుకున్నారు, యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు కాబట్టి యూపీఐ యాప్‌లోకి వెళ్లి నేనే రద్దు చేశా.

ఇంతకీ అడిగేదేంటంటే, కొట్లో ఇలాంటివి వాడేవాళ్లు పాతిక, ముప్పావు లాంటి మాటలకి ఏం చేస్తున్నారు? జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డ్) తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి గూగుల్ షీట్స్‌లో రాసుకుంటే సరిపోతుందా? కాలర్‌కి తగిలించే మైకు కొంటే రద్దీలో ఏమైనా తేడా ఉంటుందా? ట్రయల్ ఆదివారంతో అయిపోతుంది, ఈలోగా చెప్పండి ప్లీజ్.